తాతగారి తుపాకి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

  

రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి మాటాడుట పరిపాటి. నేను ఒక తుపాకిని గూర్చి మాటాడ నిలిచితిని. ఇది మీకు విడ్డూరముగా తోచవచ్చును. కాని ఆ తుప్పుపట్టిన తుపాకి నేర్పిన పాఠమే నన్ను తుదకు ఈ గ్రంథాలయపు గుమ్మమునకు తెచ్చినది. కావున ఓపికతో వినవలెనని ప్రార్థన.

మా తాతగారికి లంక పొలములుండెడివి. పంటపై పడు పందులను బెదరించుటకు ఆయన లైసెన్సుపై ఒంటి గొట్టపు తుపాకి నొకదానిని ఉంచుకొనిరి. గొట్టపు మూతినుండి మందును, గుండును పోసి, కడ్డీతో దట్టించి, వెనుకనున్న చిన్న ముక్కుపై రాగి టోపీ నుంచి పేల్చెడు పాతకాలపు తుపాకి యది. తాతగారి పిమ్మట లైసెన్సు మా తండ్రిగారి పేరునకు మారెను. ఆయన దానిని గోనెపట్టాలో చుట్టి అటకపై నుంచిరి. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానులో పైకప్పు లేచిపోగా అటక యంతయు తడిసెను. గోనె తడిసిన సంగతి ఎవరును తలపలేదు.

ఇనుము, గాలి, నీరు కలిసిన తుప్పు పుట్టును. ఉప్పు తోడైన త్వరగా పెరుగును. వసిష్ఠ గట్టున, సముద్రపు గాలి సోకెడు మన దిండిలో అరువది దినములు తుడువని కొడవలి యెట్లుండునో మీకు తెలియును. అట్టిచో ఆ తుపాకి మాట చెప్పవలెనా?

తండ్రిగారు కాలము చేసిన పిమ్మట అటక దులుపుచుండగా అది నా చేతబడెను. తాతగారి వస్తువు తళతళలాడవలెనను ఉబలాటముతో వీధి అరుగుపై కూర్చుండి గరుకు కాగితముతో తోమ మొదలిడితిని. పిల్లలు చుట్టును చేరిరి. గొట్టము ఒకమారు ఒకరివైపు, మరొకమారు ఇంకొకరివైపు తిరుగుచుండెను. అంతలో సైన్యమున పనిచేసి విరమించిన పెద్దమనిషి యొకరు ఆ దారిని పోవుచు నిలిచి, “అబ్బాయీ! తుప్పు సంగతి తరువాత. అది నిండుగా నున్నదో ఖాళీగా నున్నదో చూచితివా?” అని యడిగిరి. నాకు నోట మాట రాలేదు.

ఆయన పిల్లలను లోనికి పంపి, గొట్టమును ఎవరును లేని దిక్కునకు త్రిప్పి, ప్రక్కకు నిలిచి, సన్నని వెదురుపుల్లను మెల్లగా లోనికి విడిచిరి. మూతివద్ద గుర్తు పెట్టి, పుల్లను వెలికి దీసి, గొట్టము వెంబడి పైన ఆనించి చూపిరి. పుల్ల కొన ముక్కువరకు చేరలేదు. మూడు వ్రేళ్ల మేర తక్కువైనది. ఆ మూడు వ్రేళ్ల చోటున మందును, గుండును ఉన్నవి! సురేకారము, గంధకము, బొగ్గు కలిసిన ఆ మందు తడి తగులకున్న ఏండ్లు గడచినను చావదు. తడిసి ఆరినదానినిగూడ నమ్మరాదు. ఏ చేతులు దానిని కూర్చినవో గాని, అది మా యింట పిల్లల తలలపై నిదురించెను. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

మరునాడే పోలీసు ఠాణాలో సంగతి తెలిపితిని. తుప్పుపట్టినది గదా, చట్టమేమి చేయునని మనవారనుకొందురు. 1959 నాటి ఆయుధ చట్టము, మరమ్మతు చేసినను పేలని పాత ఆయుధమునే విడిచిపెట్టును. బాగుచేసిన పేలగల దానికి లైసెన్సు వలయును. లైసెన్సుదారు మరణించినచో దానిని ఠాణాలోగాని, లైసెన్సుగల వ్యాపారివద్దగాని అప్పగింపవలెను. 2016 నాటి నియమములలో వారసులకు లైసెన్సు పొందు దారి కలదు. నేను ఆ దారినే నడచితిని. లైసెన్సుగల మరమ్మతుదారు మందును వెలికి దీసెను. లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మటనే శుభ్రపరచు పని సాగినది.

ఆ పని తొందరపాటుకు లొంగదు. ముందుగా మరలకు పలుచని యంత్రపు నూనె పట్టించి కొన్ని దినములు నాననీయవలెను. మర చీలికకు సరిపడు సాధనముతోనే త్రిప్పవలెను. ఎఱ్ఱతుప్పును నూనెలో ముంచిన మెత్తని ఇత్తడి కుంచెతో రాచుట మేలు. కఱ్ఱనుండి విడదీసిన ఇనుపభాగమును శుభ్రమైన నీట మరిగించిన ఎఱ్ఱతుప్పు నల్లబడును. ఆ నల్లపొర ఇనుమును కొంత కాపాడును. పైకి తేలిన పొడిని తుడిచి, మరల మరిగించి, తడి లేకుండ ఆరనిచ్చి నూనె పూయవలెను. మన కొబ్బరినూనె ఇందుకు పనికిరాదు. అది నిలిచి ముక్కిపోవును. కఱ్ఱకు అవిసెనూనె తగును. గొట్టములో గుడ్డ క్రుక్కరాదు. అది తేమను పట్టియుంచును. గోనెపట్టా సంగతి మా యింటనే చూచితిమి.

బాగుపడినదని విజయదశమినాడు పేల్చి చూడుమని బంధువులు కోరిరి. నేను ససేమిరా అంటిని. తుప్పు తిన్న గొట్టము లోపల గుంటలు పడును. మందు వత్తిడికి అది పగిలిన పేల్చువాని చేయియే పోవును. మీదుమిక్కిలి, పండుగలలో ఒరులకు ముప్పు కలుగునట్లు తుపాకులు పేల్చుట 2019 సవరణ చట్టము ననుసరించి నేరము.

ఇక నా తప్పును చెప్పుకొనవలెను. ఆ గరుకు కాగితముతో నేను తుప్పునే గాక, గొట్టముపై చెక్కిన తయారీదారు పేరునుగూడ అరగదీసితిని. కిరీటము, దానిక్రింద అడ్డముగా కలిసిన రెండు రాజదండముల గుర్తు మాత్రము మిగిలెను. అది ఇంగ్లండులో బర్మింగ్‌హాము నగరమున 1813లో చట్టముచే ఏర్పడిన పరీక్షాశాల ముద్రయని తెలిసినవారు చెప్పిరి. చేసినవాని పేరు మాత్రము ఇక దొరకదు. లైసెన్సు సంఖ్య మీటను కాచు కమ్మిపై నుండుటచే దక్కినది. తుపాకిమీది పేరును, సంఖ్యను చెరపుట చట్టమున నేరమని తరువాత తెలిసికొంటిని. మెరుగు పెట్టుచున్నాననుకొని నేను చరిత్రను తుడిచివేసితిని!

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి 26 తుపాకులను గైకొనెను. చింతపల్లిలో తాను తీసికొనిపోవు వస్తువుల వివరమును ఠాణా పుస్తకములో వ్రాసి సంతకము చేసెను. ప్రాణములకు తెగించిన వీరుడు సైతము లెక్క వ్రాసిపెట్టెను. మా యింట మూడు తరములవారిలో ఒక్కరైనను ఆ తుపాకి ఎచట కొనబడినదో, కడపట ఎవరు దట్టించిరో ఒక కాగితముపై వ్రాసియుండలేదు. వ్రాసియున్నచో మా పిల్లలకు ఆ గండము తప్పెడిది.

కనుక నాదొక మనవి. ఈ గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము తెఱువుడు. తుపాకి కానిండు, తాళపత్రము కానిండు, పడవ లంగరు కానిండు, మీ యింటి పాతవస్తువు వృత్తాంతమును పెద్దలు బ్రతికియుండగనే అందులో వ్రాయింపుడు. మొదటి పుటకు మా తాతగారి తుపాకి కథను తెచ్చితిని. అందు నా తప్పునుగూడ దాచక వ్రాసితిని. దానిని కార్యదర్శిగారి చేతికిచ్చి సెలవు తీసికొనుచున్నాను.