చదరంగపు గడుల లెక్క



వంశధార, నాగావళీ తీరములందలి కళ్ళములలో కుంచముతో ధాన్యము కొలుచు పెద్దలు తొలి కుంచమునకు 'ఒకటి' యనక 'లాభము' అనెడివారు. పిదపనే 'రెండు', 'మూడు' వచ్చును. అట్టి కొలతలెరిగిన రైతు చదరంగపు కథ వినినచో ముందుగా నవ్వును. ఆట కనిపెట్టిన పండితుడు రాజు నడిగినది, మొదటి గడికి ఒక్క గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు. ఇట్లు 64 గడులకును రెట్టించుచు పోవుటయే. రాజు సరేయనెను.

వేయి వడ్లు 20 గ్రాములు తూగుననుకొన్నచో, రెండు వరుసలు, అనగా 16 గడులు నిండుసరికి గింజలు 65,535. బరువు కిలో మూడు వందల గ్రాములు. ఒక చేటలో పట్టును. 32 గడులకు 86 టన్నులు. 75 కిలోల బస్తాలు 1,100కు పైబడును. అదియు ఒక ఊరి పంటకు మించినది కాదు. సగము పలక నిండువరకు రాజునకు భయము లేదన్నమాట. కాని 64 గడులకును కావలసినది దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతయు నేడు ఏటేట పండించు వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులు. 460 ఏండ్ల పంట ఆ ఒక్క పలకపై పోయవలసియుండును!

గింజల మొత్తము 18446744073709551615. ఇరువది అంకెల ఈ సంఖ్య తెలుగువారికి పద్యరూపమున దక్కినది. మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లనదిగా ఆ పద్యము ప్రసిద్ధము. అందు అంకెలు మారుపేర్లతో వచ్చును. వేదములు నాలుగు గనుక వేదమనిన 4. మన్మథుని బాణములైదు గనుక శరమనిన 5. గగనము శూన్యము గనుక 0. ఒకట్ల స్థానమునుండి ఎడమకు సాగవలెను. అందుచే పద్యము శరముతో మొదలై చంద్రునితో ముగియును. సంఖ్యకు తుది 5, మొదలు 1.

వ్రాయసకాడు ఒక పదము తప్పినచో? 'అబ్ధి' అనగా 4, 'అగ్ని' అనగా 3. రెండును ఒక గురువు, ఒక లఘువు. ఒకదానికి బదులు మరొకటి పడినను ఛందస్సు పట్టియీయదు. గణితము పట్టియిచ్చును. సంఖ్యలోని అంకెలన్నియు కూడిన 87. మూడింట నిశ్శేషముగా పోవును. నాలుగు మూడైనచో 86, పోదు.

మూడింటనే యేల పోవలెను? గడుల మొత్తము ఎప్పుడును తరువాతి గడికంటె ఒకటి తక్కువ: 1, 3, 7, 15. నాలుగు గడుల మొత్తము 15 అనగా 3×5. ఎనిమిది గడులకు 15×17, పదునారింటికి 255×257, ముప్పదిరెండింటికి 65,535×65,537. అరువదినాల్గింటికి 4294967295×4294967297. మెట్టు మెట్టుకు పాత మొత్తమే, దానికి రెండెక్కువైన సంఖ్యతో గుణింపబడుచున్నది. నేటి కంప్యూటరులో 64 స్థానములందును 1 నిండినచో వచ్చునదియు ఈ సంఖ్యయే.

ఇందలి 3, 5, 17, 257, 65537 విభజింపరాని ప్రధాన సంఖ్యలు. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఆ వరుసలో తరువాతిదైన 4294967297 కూడ అట్టిదేనని నమ్మెను. అంతటివాడును పొరపడెను. 1732లో ఆయిలరు అది 641చే భాగింపబడునని చూపెను. రెండవ కారణాంకము 6700417. అందువలన చదరంగపు సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధము. 641తో 6700417ను గుణించి చూచుటకు పలకయు బలపమును చాలును.