వెనుక గాలి షాకులు: మార్చే ముందు చూడవలసినవి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో పెన్షను గురించి, మందుల బిల్లుల గురించి మాట్లాడడం ఆనవాయితీ. నన్ను మాత్రం కార్యదర్శిగారు "అమెరికాలో మీ అల్లుడుగారి బండి బాగుచేసిన సంగతి చెప్పండి" అని పురమాయించారు. మనలో చాలామంది పిల్లలు ఆ దేశంలో ఉన్నారు. మనమూ వెళ్ళి ఐదారు నెలలుండి వస్తున్నాం. అక్కడ సంసారాలున్నవారు మూడు వరసల సీట్లున్న పెద్ద బండి ఒకటి కొనుక్కుంటారు. ఎస్.యు.వి. అంటారు. కొన్నిటికి వెనుక గాలి షాకులుంటాయి. పది, పదిహేనేళ్ళు తిరిగేసరికి అవి అరిగి బండి వెనక్కి కుంగి నిలబడుతుంది. అప్పుడు బాగుచేయించాలా, అమ్మేయాలా అని ఇంట్లో తర్జనభర్జన మొదలవుతుంది. ఆ సమయంలో మన చేతి అనుభవం పనికొస్తుందని నా నమ్మకం.

ముందు వస్తువు సంగతి. మన బస్సుల్లో బరువు మోసేది కమాన్ కట్ట, ఊపు ఆపేది షాక్ అబ్జార్బరు అని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. షాకు లోపల నూనె సన్నని రంధ్రాల గుండా అటూ ఇటూ పోతూ ఊపును అణుస్తుంది. అంతేగాని అది బండిని ఎత్తదు. గాలి షాకు అంటే ఆ మామూలు షాకుకే బయట ఒక రబ్బరు తొడుగు వేసి, అందులోకి గాలి ఎక్కించేది. గాలి ఎక్కినకొద్దీ షాకు సాగుతుంది, బండి వెనుక భాగం లేస్తుంది. అసలు బరువు మోసే కాయిల్ స్ప్రింగులు పక్కన ఉండనే ఉంటాయి. గాలి వాటికి సాయం మాత్రమే. ఒకే సామాను రెండు ఉద్యోగాలు చేస్తోందన్నమాట. కనుక "షాకు పోయింది" అని ఎవరైనా అంటే, నూనె పని పోయిందా, గాలి పని పోయిందా అని అడగాలి. నూనె పని పోతే బండి గుంతలో పడ్డాక మూడు నాలుగుసార్లు ఊగుతుంది. గాలి పని పోతే కుంగుతుంది.

ఒక హెచ్చరిక. 1993 మోడల్ రేంజ్ రోవర్‌లో వచ్చినట్టుగా, కొన్ని బళ్ళకు ఇనుప స్ప్రింగే ఉండదు. మొత్తం బరువు గాలి సంచుల మీదే ఉంటుంది. వాటి కింద చెయ్యి పెట్టడం వేరే విద్య. నేను చెప్పేది స్ప్రింగూ, గాలి షాకూ రెండూ ఉన్న బళ్ళ గురించి.

గాలి మీద బండి నడపడం కొత్త సంగతేమీ కాదు. జనరల్ మోటార్స్ వారు 1953లోనే బస్సులకు గాలి సస్పెన్షన్ పెట్టారు. ఆ తరువాత 1957లో వారి క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్ అనే చాలా ఖరీదైన కారుకు పెట్టారు. బస్సుల్లో అది నిలిచింది. ఆ కారులో మాత్రం గాలి కారిపోయే బాధ పడలేక చాలామంది యజమానులు కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. దీనికి ఇంజనీర్లు ఏ కారణాలు చెప్పినా, నాకు తోచిన కారణం ఒకటే. బస్సును రోజూ రాత్రి గ్యారేజీలో చూసే మనిషి ఉంటాడు, కారుకు ఉండడు.

ఇక మా బండి. అమ్మాయివాళ్ళు మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ శివార్లలో ఉంటారు. బండి 2008 మోడలు, లక్షా డెబ్బైవేల మైళ్ళు తిరిగింది. 2023 వేసవిలో మేమూ, వియ్యంకుడుగారి దంపతులూ ఒకేసారి వెళ్ళాం. మనవడి పుట్టువెంట్రుకలు పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడిలో తీయించాలని మొక్కు. ఒకవైపే మూడు వందల మైళ్ళకు కాస్త తక్కువ. పెద్దవాళ్ళం ఆరుగురం, పసివాడు, సామాన్లు, వియ్యపురాలుగారి ఆవకాయ జాడీలు. వెనుక కుంగిన బండి ఇంత బరువుతో వెళితే ముక్కు పైకి లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి, ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు పట్టు సడలుతుంది.

అక్కడి షాపులో చూపిస్తే రెండు షాకులు, కంప్రెసరు, గాలి గొట్టాలు, సెన్సారు అన్నీ మార్చాలని 2,400 డాలర్ల అంచనా రాసిచ్చారు. "అమ్మేసి వాయిదాల మీద కొత్తది తీసుకుందాం మామయ్యగారూ" అన్నారు అల్లుడుగారు. అదే నెలలో వారి ఆఫీసులో కొందరి ఉద్యోగాలు తీసేశారు. ఈ పరిస్థితుల్లో కొత్త అప్పేమిటని అమ్మాయి లోలోపల దిగులు. షాపువారిని నేను తప్పుపట్టను. గ్యారంటీ ఇచ్చేవాడు బండి మళ్ళీ తిరిగి రాకూడదని అన్నీ మారుస్తాడు. కాని గాలి ఎక్కడ కారుతోందో ఆ కాగితం మీద లేదు.

అది కనిపెట్టడానికి మనకు పెద్ద పరికరాలక్కరలేదు. రాత్రి బండి ఆపాక చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచాం. 21 అంగుళాలుంది. తెల్లవారి చూస్తే పంతొమ్మిదిన్నర. రెండు వైపులా సమానంగానే దిగింది. ఆ బండిలో కంప్రెసరు నుంచి వచ్చే గొట్టమే చీలి రెండు షాకులకూ వెళుతుంది కనుక ఒక వైపు కారినా రెండూ దిగుతాయి. ఇంజను స్టార్టు చేయగానే కంప్రెసరు గుర్రుమంటూ చాలాసేపు తిరిగి మళ్ళీ ఎత్తింది. అంటే కంప్రెసరు బతికే ఉంది, కబురందించే ఎత్తు సెన్సారూ బతికే ఉంది. సెన్సారు చిన్న చేయి విరిగితే గాలి ఎక్కడా కారకపోయినా బండి కుంగే ఉంటుంది. చాలామంది అక్కడ పొరబడి షాకులు మారుస్తారు.

తరువాత సబ్బు నీళ్ళు. బ్రేకు గాలి లైన్ల మీద మనం ఎన్నివేల సార్లు చేసిన పని! గొట్టాల అతుకుల మీద, కంప్రెసరు పక్కనున్న డ్రయ్యరు మీద, గాలి వదిలే వాల్వు మీద, షాకుల రబ్బరు మీద బ్రష్షుతో రాశాం. ఎడమ షాకు రబ్బరు మడత పడేచోట జుట్టంత పగుళ్ళు, అక్కడ నురగ. కుడి షాకులో గాలి కారడం లేదు గాని ఒళ్ళంతా నూనె చెమర్చి దుమ్ము పట్టి ఉంది. ఒకటి గాలి పోయినది, ఒకటి నూనె పోయినది! షాకులు ఎప్పుడూ జతగానే మార్చాలి కనుక రెండూ మార్చక తప్పదు. మిగతావి అవసరం లేదు. అయితే ఆ లీకును మరో ఆరు నెలలు వదిలేసి ఉంటే కంప్రెసరు అదేపనిగా తిరిగి కాలిపోయేది. అది ఆగి ఆగి పనిచేయడానికి చేసిన చిన్న మోటారు. అప్పుడు షాపువారి అంచనాయే నిజమయ్యేది.

ఏవి వెయ్యాలి అన్నది తరువాతి ప్రశ్న. బండితో వచ్చిన రకం వెయ్యవచ్చు. టైరుకు పట్టినట్టు వాల్వు దగ్గర చేత్తో గాలి పట్టుకునే రకం వెయ్యవచ్చు. అమెరికాలో దొరికే వాటికి సాధారణంగా 20 పౌన్లకు తగ్గకుండా, 150 దాటకుండా పట్టమంటారు. బండి ఖాళీగా ఉన్నా ఆ 20 ఉండాలి, లేకపోతే రబ్బరు తనలో తానే ఒరుసుకుని చిరుగుతుంది. లేదా గాలి ఊసే లేకుండా మామూలు షాకులు, గట్టి కాయిల్ స్ప్రింగులు కలిపి వెయ్యవచ్చు. ఇద్దరే తిరిగే ఇంట్లో ఈ చివరిది మంచిదే. కాని ఖర్చు తగ్గుతుందని స్ప్రింగులు పాతవే ఉంచి మామూలు షాకులు మాత్రం వేయించుకునేవారున్నారు. గాలి సాయం ఉంటుందనే ధైర్యంతో మెత్తగా చేసిన స్ప్రింగులు అవి. సాయం తీసేస్తే నిండు బరువుకు ఏమవుతుందో మీరే ఊహించండి. ఇంకొకటి, షాకు తల మీద కరెంటు వైరు ఉందేమో చూడాలి. ఉంటే ఊపును కంప్యూటరు సరిచేసే రకం. దానికి మామూలుది బిగిస్తే డాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలుగుతూనే ఉంటుంది. మా బండికి వైరు లేదు. నెలకు నాలుగుసార్లు నిండా ఎక్కే బండి కనుక అసలు రకమే తెప్పించాం. జత 380 డాలర్లు.

నన్ను బండి కిందకు అమ్మాయి దూరనివ్వలేదు. విజిటర్ ఇన్సూరెన్సు ఏపాటిదో మీకందరికీ తెలిసినదే. కనుక నేను స్టూలు మీద, కంప్యూటరు ఉద్యోగం చేసే అల్లుడుగారు నేల మీద. కావలసిన పనిముట్లు అక్కడి విడిభాగాల దుకాణంలోనే డిపాజిట్టు కడితే ఇస్తారు. తిరిగిచ్చాక డిపాజిట్టూ తిరిగి ఇస్తారు. ఈ పద్ధతి నాకెంతో నచ్చింది.

ముందు కంప్రెసరు ఫ్యూజు తీయించాను. మనిషి కింద ఉండగా అది తనంతట తాను తిరగకూడదు. స్టెప్నీ దించితే పై బోల్టుకు చెయ్యి పట్టింది. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, వెనుక హౌసింగ్ కింద జాకీ ఆనించి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోనిచ్చాను. ఇది మరిచిపోకండి. కాయిల్ స్ప్రింగు బండిలో హౌసింగు మరీ కిందకి జారకుండా పట్టి ఉంచేది షాకే. రెండూ ఒకేసారి విప్పి జాకీ లేకపోతే హౌసింగు దిగిపోయి బ్రేకు గొట్టం సాగుతుంది, స్ప్రింగు చోటు తప్పుతుంది.

గాలి గొట్టం వదిలించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టించాను, ఒక బుస్సుతో గాలి పోయింది. అసలు తిప్పలు కింది బోల్టు దగ్గర వచ్చాయి. మిషిగన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. పదిహేను చలికాలాల ఉప్పు తిన్న బోల్టు బుష్ లోపలి గొట్టానికి అతుక్కుపోయింది. రెండు సాయంత్రాలు తుప్పు వదిలించే నూనె పట్టించి, పానాకు బారెడు పైపు తొడిగితే మూడో రోజు కిర్రుమంది. అల్లుడుగారి ముఖం చూడాలి! పాతికేళ్ళ క్రితం మా డిపోలో కొత్తగా చేరిన అప్రెంటిసు కుర్రాళ్ళ ముఖాలు గుర్తొచ్చాయి.

కొత్తవి పెట్టాక కింది బోల్టును గాలిలో వేలాడుతుండగా చివరిదాకా బిగించకూడదు. హౌసింగును జాకీతో మామూలు ఎత్తుకు తెచ్చి, పుస్తకంలో ఉన్న టార్కుకు బిగించాలి. లేకపోతే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. గొట్టాల చివర రబ్బరు రింగులు కొత్తవి వేశాం. బండి పూర్తి బరువు దించే ముందు ఫ్యూజు పెట్టి కాస్త గాలి ఎక్కనిచ్చాం. ఆ తరువాత ఇంటిల్లిపాదినీ, పక్కింటివారినీ వెనుక సీట్లో కూర్చోబెడితే, బండి కుంగి, కొన్ని క్షణాలాగి, కంప్రెసరు తిరిగి, మెల్లగా లేచి నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చూసింది మరుసటి ఉదయం టేపు మీది అంకె. 21 అంగుళాలు, చెక్కుచెదరలేదు.

ప్రయాణానికి ముందు డ్రైవరు డోరు పక్కనున్న స్టిక్కరు చదివించాను. గాలి షాకు బండిని సమంగా నిలబెడుతుందే గాని, మోయగల బరువును పెంచదు. లెక్క వేస్తే రెండు పెద్ద సూట్‌కేసులు ఎక్కువయ్యాయి. అవి ఇంట్లో దించేశాం. ఆవకాయ జాడీల జోలికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. పిట్స్‌బర్గ్ వెళ్ళాం, మొక్కు తీరింది, రాత్రిపూట తిరిగి వచ్చాం, ఎదుటివారెవరూ లైటు కొట్టి మమ్మల్ని కసరలేదు. నేను తిరిగి వచ్చేనాటికి అల్లుడుగారి ఉద్యోగం నిలిచింది, బండీ అమ్మలేదు.

మన బస్సుల్లో పొద్దున్నే ఎయిర్ ట్యాంకు అడుగున నీళ్ళు వదిలేవాళ్ళం. ఈ చిన్న వ్యవస్థలో ఆ పని డ్రయ్యరులోని గుళికలు చేస్తాయి. అవి తడిసి నిండిపోతే నీరు గొట్టాల్లో చేరి చలికాలం గడ్డకడుతుంది. చలి ఎక్కువున్న ఊళ్ళలో పిల్లలుంటే ఆ సంగతి చెప్పండి. చెవి కూడా పెట్టమనండి, కంప్రెసరు ఎక్కువసేపు తిరుగుతున్న రోజునే సబ్బు నీళ్ళు తియ్యాలి. ఎవరికైనా సందేహాలుంటే టీ విరామంలో అడగండి, పాత షాకు రబ్బరు ముక్క ఒకటి కోసి తెచ్చాను, పగుళ్ళు చూపిస్తాను. సెలవు.