మార్కుల లెక్క సరే, డబ్బుల లెక్క ఏది?

(శ్రీకూర్మంలో ఆదివాసీ విద్యార్థులు, యువతీయువకులు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

కొండల నుంచి రెండు మూడు బస్సులు మారి ఇంత దూరం వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మనతో నిలబడిన మిత్రులకు జోహార్లు.

ముందు మంచి మాట చెప్పుకుందాం. 2023 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి జిల్లా ఏది? పార్వతీపురం మన్యం. 87.47 శాతం పాసయ్యారు. 2024లో 96.37 శాతంతో మళ్లీ మనమే. 2025లో 93.90 శాతంతో మూడోసారి కూడా మనమే. ఆ ఏడాది రాష్ట్రం మొత్తం మీద 81.14 శాతం. కొండోళ్ల పిల్లలకి చదువెక్కదని అనేవాళ్లకు ఈ అంకెలు చూపించండి. హాస్టల్లో కూడు, పక్కన టీచరు, రాత్రి చదువుకోడానికి దీపం ఉంటే మన పిల్లలు ఎవరికీ తీసిపోరు.

అయితే ఇక్కడే ఆగిపోతే మోసపోతాం. ఈ శాతం ఎవరి మీద వేశారు? పరీక్షకి కూచున్నోళ్ల మీద. ఐదో తరగతి అయ్యాక మేకల ఎనకాల పోయిన గుంటడు ఇందులో లేడు. ఏడులో మానేసి చెల్లిని ఎత్తుకు తిరుగుతున్న గుంట ఇందులో లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, గిరిజనుల అక్షరాస్యత 49 శాతం. ఆ తేడా పదో తరగతిలో పుట్టింది కాదు. ఊళ్లో ఉన్న చిన్న బడిలో పుట్టింది.

ఆ చిన్న బడికి ఏమిస్తున్నారో చూడండి. సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేల రూపాయల గ్రాంటు. వందమంది వరకు 25 వేలు, 250 మంది వరకు 50 వేలు. సుద్దముక్కలు, చీపురు, రిజిస్టర్లు, చిన్నచిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. పిల్లల తల లెక్కన చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మన గూడలు ఇరవై, ముప్పై గడపలవి. బడిలో పన్నెండు మంది ఉంటారు. కారే కప్పుకి పన్నెండు మందని తెలుస్తుందా? రేకు ధర పట్నంలో ఎంతో మనకీ అంతే, పైగా దాన్ని కొండెక్కించే కూలి అదనం.

"ఏకలవ్య పాఠశాలలకి ఇస్తున్నారు కదా" అంటారు. ఇస్తున్నారు, ఒక్కో విద్యార్థికి ఏడాదికి ఇంతని. అందులో తిండి, వసతి కూడా ఉంటాయి కాబట్టి ఊరి బడి గ్రాంటుతో నేరుగా పోల్చను. ఇవ్వొద్దనీ అనను. కానీ అక్కడ సీటు ఆరో తరగతి నుంచి, అదీ ప్రవేశ పరీక్ష రాసి గెలిస్తే. ఆ పరీక్ష రాయాలంటే ముందు ఊళ్లో ఐదేళ్లు చదువు సాగాలి కదా!

ఇక టీచర్ల సంగతి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. పిల్లల భాష తెలిసినవాళ్లు, ఊళ్లో ఉండేవాళ్లు బడికి వచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి కొండల్లో ఉన్న మనవాళ్లకైతే ఆ జీవో ఎన్నడూ వర్తించలేదు, ఆ ఊళ్లు ఐదో షెడ్యూలులో లేవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక సీతంపేట ఐటీడీఏ మన్యం జిల్లాలోకి పోయింది. ఇక్కడ మిగిలినవాళ్లకి సొంత జిల్లాలో ఐటీడీఏ కూడా లేదు.

భాష సంగతి చూస్తే ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పేరున తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడి నడిపారు, 1931లో సవర వ్యాకరణం తెచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇస్తానంటే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారని చెప్తారు. దండలు వేసే సభల్లో ఈ మాట ఎంతమంది చెప్తున్నారు? ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వేశారు. భాష తెలిసిన టీచరు లేకపోతే ఆ పుస్తకం ఎవరు చదివి చెప్తారు?

ఈ ఊరి కూర్మనాథుని గుడి స్తంభాల మీద శాసనాలు చూసే ఉంటారు. దీపానికి ఎవరు ఏమిచ్చారో రాతి మీద చెక్కి పెట్టారు. వందల ఏళ్ల తర్వాత కూడా ఎవరైనా చదవొచ్చు. మన పిల్లల మార్కులు పేపర్లో వేస్తారు, టీవీలో చెప్తారు. మన బడికొచ్చిన డబ్బు మాత్రం ఏ గోడ మీదా కనపడదు. ఎందుకు కనపడదు?

అడిగే హక్కు మనకుంది. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం ఆ కమిటీ పని. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని అదే చట్టం చెప్తుంది. జనాభా దామాషాలో గిరిజనులకి నిధులు కేటాయించాలని 2013 ఉప ప్రణాళిక చట్టం చెప్తుంది. దాన్ని 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు కూడా.

కాబట్టి మన డిమాండ్లు నాలుగే. చిన్న గూడల బడులకి తలల లెక్క కాకుండా అవసరాన్ని బట్టి కనీస గ్రాంటు ఇవ్వాలి. ప్రతి బడికీ ఇద్దరు టీచర్లు, ఒకరైనా పిల్లల భాష తెలిసినవాళ్లు ఉండాలి. జీవో 3కి బదులు నిలబడే చట్టం తేవాలి. శ్రీకాకుళం జిల్లా ఆదివాసీలకి ఐటీడీఏ కావాలి.

ఇవన్నీ పైవాళ్లు చెయ్యాల్సినవి. మనం చెయ్యాల్సింది ఒకటుంది. డిగ్రీ దాకా చదివినోళ్లం ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం. సెలవులకి ఊరెళ్లినప్పుడు బడి కమిటీలో మీ అమ్మ ఉందేమో, పిన్ని ఉందేమో కనుక్కోండి. వేలిముద్ర వేయించుకున్న కాగితంలో ఏముందో వాళ్లకి తెలుసా అడగండి. తెలియకపోతే పక్కన కూచుని, ఏడాదికి ఎంత వచ్చింది, దేనికి పోయింది అన్నది వాళ్లకి అర్థమయ్యే భాషలో చదివి వినిపించండి. ఆ తర్వాత అధికారిని ఏటి అడగాలో మన అమ్మలకి మనం నేర్పక్కర్లేదు.

జై ఆదివాసీ!