ఓడ పట్టీలోని మా పెద్దముత్తాత
(శతాబ్ది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన పూర్వికులను గూర్చి చెప్పుమని పెద్దలు మమ్మును కోరారు. పూర్వికులనగానే మొదటి బోధకులను, గుడి కట్టించినవారిని తలచుకొనుట వాడుక. మా ఇంటిలో పేరెత్తని ఒకాయనను గూర్చి చెప్పవలెనని మేము వచ్చాము.

మా ముత్తాతగారికి ఒక అన్నగారు ఉండేవారు. పెండ్లియైన రెండేండ్లకు, 1905లో, గోదావరి జిల్లాలోని మా గ్రామము విడిచి, మద్రాసులో ఓడ ఎక్కి, దక్షిణాఫ్రికాలోని నాటాలుకు కూలిగా వెళ్లారు. ఉత్తరము రాలేదు. "అక్కడ ఇంకొకతెను కట్టుకొని మనలను మరచిపోయాడు" అనే మాట ఇంటిలో స్థిరపడింది. ఆ మాట మీదనే ఆయన వాటా ఎకరమున్నర మా ముత్తాతగారి వాటాలో కలిసిపోయింది. ఆయన భార్య పుట్టింటికి చేరింది. మేము వేదాంత కళాశాలలో చదివినది కూడ ఆ పొలము మీద వచ్చిన ధాన్యముతోనే.

డర్బనులో ఉద్యోగము చేయుచున్న మా చిన్నాన్నగారి అబ్బాయి పిలువగా, డెబ్బదియారేండ్ల నాన్నగారిని వెంటబెట్టుకొని మేము దంపతులము వెళ్లాము. తమ్ముడు ఒక మోటారు హోము అద్దెకు తెచ్చాడు. అది చక్రముల మీది ఇల్లే: పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి అన్నియు అందులోనే. నాన్నగారికి చక్కెర జబ్బు, వేళకు అన్నము పడవలెను. హోటళ్ల బెడద లేకుండ, ఆగిన చోటనే మా ఇంటివారు చారు కాచారు. ఆ ఇంగువ వాసన ఇక తన బండిని వదలదని బండి యజమాని తరువాత గొణిగినాడట!

ముందుగా ఓడ పట్టీల నకళ్లు చూచాము. 1860 నుండి 1911 వరకు ఒక లక్షా యాబదిరెండు వేల మంది మన దేశస్థులు కూలి ఒప్పందము మీద నాటాలుకు వెళ్లారు. ఒప్పందము ఐదేండ్లు, మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తిండి గింజలు. ప్రతి మనిషికి ఒక సంఖ్య, దాని ఎదుట పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామము, ఒంటి మీది గుర్తులు. రెండవనాటి మధ్యాహ్నము మా గ్రామము పేరు కనబడినది. వయస్సు ఇరువది రెండు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. చిన్నతనములో ఆయనను కోడె పొడిచినదని నాయనమ్మ చెప్పేది. ఆ వరుస చివర ఒక్క ముక్క: మరణము, ఆగష్టు 1907.

ఆయనను పంపిన తోట కియర్స్‌నీ. డర్బనుకు ఉత్తరముగా స్టాంగరు (నేడు క్వాడుకుజా) దాటి మన్యము వైపు ఎక్కితే వచ్చును. ఒకప్పుడు అది హ్యూలెట్ దొరగారి తేయాకు తోట. నెల్లూరు నుండి 1903లో వెళ్లిన జాన్ రంగయ్యగారు తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపించినది అక్కడనే. 1907లో రంగయ్యగారు బ్రదికియే యున్నారు గనుక సమాధి యొద్ద తెలుగులో ప్రార్థన జరిగియుండునని నాన్నగారి ఆశ. మేము అవుననలేదు, కాదనలేదు. ఇప్పుడు ఎటు చూచినను చెరకే. గాలికి ఊగుచున్న ఆ పచ్చదనము అచ్చముగా మన తణుకు ప్రాంతము వలె ఉన్నది. రాయి గాని, సిలువ గాని కనబడలేదు.

అక్కడికి ఉత్తరముననే తుగేలా నది సముద్రములో కలియును. గోదావరి వారము కదా, ఆ నది పుట్టిన చోటు కూడ చూడవలెనని బండిని డ్రాకెన్స్‌బర్గ్ కొండలకు మరలించాము. మూడు వేల మీటర్లకు పైబడిన ఆ కొండలను జూలూలు ఈటెల గోడ అందురు. పేరు తగినదే. నిలువుగా నిలిచిన ఆ నల్లని శిలల మీదనుండి తుగేలా 948 మీటర్లు మెట్లు మెట్లుగా దూకును. మేము వెళ్లినది వాన లేని కాలము, నీరు వెండి తీగ వలె సన్నగా ఉన్నది. మా ఇంటివారు ఫొటోలు తీసినారు. నాన్నగారు తల ఎత్తి చూడనే లేదు.

ఆ రాత్రి చలికి బండి తలుపులు బిగించుకొని గంజి త్రాగుచుండగా ఆయన అన్నారు: "రెండేండ్లకే పోయినవానిని నలుబది ఏండ్లు తిట్టుకున్నాము. తిట్టినందువలన మనకు లాభమున్నది గదరా." మేము జవాబు చెప్పలేకపోయాము. ధాన్యము తిన్నవారిలో మేమును ఉన్నాము.

తిరిగి వచ్చిన నెలలోపల ఆమె పుట్టినూరు వెళ్లాము. ఆమె తమ్ముని కుమారుడు, ఎనుబదియేడేండ్ల పెద్దాయన, నులకమంచము మీద కూర్చుండియున్నారు. సంగతి అంతయు చెప్పాము. చాలసేపు మాటలాడలేదు. "మా మేనత్త 1961లో పోయిందండీ. పోయేదాకా మంగళసూత్రము తియ్యలేదు. ఆయన వస్తాడని కాదు, బ్రదికి ఉన్నాడని" అన్నారు.

నాన్నగారు పొలము మాట ఎత్తారు. పెద్దాయన చేయి అడ్డము పెట్టి, "అది పిల్లలతో మాట్లాడుదురు గాని బావా, ముందు ఆ తారీఖు ఒక కాగితము మీద వ్రాసి ఇవ్వండి, మా బైబిలులో పెట్టుకుంటాము" అన్నారు.

రోజు మాకు తెలియదు. నెలయు, సంవత్సరమును వ్రాసి ఇచ్చి వచ్చాము.