నల్లా బిల్లు చూడకుండా అప్పు రాయొద్దు



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంత చేసినం, బ్యాంకు లింకేజీ ఎంత తెచ్చినం, వాయిదాలు ఎట్ల కట్టినం అని చెప్పుకుంటం. ఈసారి మమ్మల్ని నీళ్ల బిల్లు గురించి చెప్పమన్నరు. ఇది చిన్న ముచ్చట అనిపిస్తది. కాని ఆ చిన్న కాగితం చదవక మా సంఘం ఒక తప్పు చేసింది, ఇంకొకటి చెయ్యబోయి ఆగింది. దాచుకోకుండా ఆ సంగతే చెప్తం.

మా సంఘంలో పది మందిమి. ఆరుగురం కిరాయి ఇండ్లల్లనే ఉంటం. పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీలల్ల పని చేసేవాళ్లు ఎట్ల ఉంటరో మీకు తెలిసిందే. ఒక్క వాకిట్ల ఆరు రూములు, అందరికీ ఒక్క సంపు, ఒక్క మీటరు. నిరుడు ఒక నెల మీటింగుల మా సభ్యురాలు ఒకామె 1,500 రూపాయలు అంతర్గత అప్పు అడిగింది. ఆమెకు ఇద్దరు పిల్లలు, మందుల కంపెనీలో ప్యాకింగు పని చేస్తది. ఎందుకమ్మా అంటే, "నల్లా బిల్లు తొమ్మిది వేలు వచ్చిందట అక్కా. రూముకు పదిహేను వందలు కట్టకపోతే నల్లా బందు చేస్తరట" అన్నది. అందరం సరే అన్నం. పుస్తకం రాసే చెల్లె తీర్మానం కూడా రాసేసింది. సంతకాలు పెట్టే టైముకు, మా అందరికన్నా పెద్దది, వేలిముద్ర వేసే పెద్దమ్మ, "బిల్లు ఏదే?" అని అడిగింది.

బిల్లు ఎవరి దగ్గరా లేదు. అప్పు అడిగినామె కూడా దాన్ని చూడలేదు.

అప్పుడు మేము పాత పుస్తకం తిరగేసినం. ఏడాదిన్నరల "నల్లా బిల్లు కొరకు" అని మూడు అప్పులు ఇచ్చి ఉన్నం. ఒక్కదానికి కూడా బిల్లు చూడలేదు. పొదుపు ఒక రోజు లేటయితే జరిమానా రాసేటోళ్లం, వేల రూపాయలు నోటిమాట మీద రాసినం. చదువు రాని పెద్దమ్మకు వచ్చిన ఆలోచన పదో తరగతి చదివిన మాకు రాలేదు. అందుకు మాకు సిగ్గనిపించింది.

ఆ ఇంటామె కూడా పక్క సంఘంల సభ్యురాలే. పది మందిమి పోతే కొట్లాటకు వచ్చినట్టు ఉంటదని ముగ్గురమే పోయినం. "వదినా, తప్పు పట్టుకోను రాలేదు, ఒక్కసారి బిల్లు చూస్తం" అన్నం. ఆమె క్యాలెండర్ వెనుక నుంచి కాగితాల కట్ట తీసి ఇచ్చింది. వాకిట్ల చాప వేసుకొని అందరం కలిసి వరుసగా చదివినం. మీరు కూడా ఇంటికి పోయినంక అట్లనే చదవండి.

మొట్టమొదట క్యాన్ నంబరు ఉంటది. అది మన కనెక్షన్ ఖాతా నంబరు. పైసలు కట్టాలన్నా, ఫిర్యాదు చెయ్యాలన్నా అదే అడుగుతరు. తర్వాత పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు. రెండింటి తేడానే మనం వాడిన నీళ్లు. దాన్ని కిలోలీటర్లలో రాస్తరు. ఒక కిలోలీటరు అంటే 1,000 లీటర్లు, మనం కొనుక్కునే 20 లీటర్ల క్యాన్లు 50 అన్నమాట. మీటరు మీద నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్ర అంకెలు అంతకన్నా తక్కువ లెక్క. మీటరు పని చెయ్యకపోయినా, తాళం పడి ఉన్నా సరాసరి లెక్క మీద బిల్లు వేస్తరు. కాబట్టి మీటరు నడుస్తున్నదా లేదా అని రాసిన వరుస తప్పక చూడాలె.

2021 జనవరిలో అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధిలో ఇండ్ల కనెక్షన్లకు నెలకు 20 కిలోలీటర్ల దాకా ఉచితం అని పథకం పెట్టిండ్రు. మీటరు ఉండాలె, క్యాన్‌కు ఆధార్ జత చేసి ఉండాలె అన్నరు. మురికివాడల కనెక్షన్లకు మీటరు నిబంధన పెట్టలేదు. 20 కిలోలీటర్లు ఎంతమందికి సరిపోతయి? పట్టణాలల్ల మనిషికి రోజుకు 135 లీటర్లు అని లెక్క కడుతరు. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి నెలకు 16,200 లీటర్లు, అంటే సరిపోతయి. ఆరు రూములల్ల ఇరవై మంది ఉన్న వాకిలికి సరిపోవు. ఆ ఇంట్ల ఆ నెల 60 కిలోలీటర్లు కాలినయి. 20 తీసేసి 40కి చార్జి వేసిండ్రు. వాడకం పెరిగినకొద్దీ రేటు కూడా పెరుగుతదని గుర్తుంచుకోవాలె.

దాని కింద మురుగు సెస్సు. ఇది నీటి చార్జి మీద నూటికి 35. ఆ ఇంటి నీటి చార్జి 800, సెస్సు 280, కలిపి ఆ నెల బిల్లు 1,080 రూపాయలు. ఆరు రూములకు పంచితే రూముకు 180. మరి తొమ్మిది వేలు ఎక్కడివి? ఆఖరి వరుసల ఉన్నది: పాత బాకీ 7,920.

మా సభ్యురాలు ఆ రూముకు వచ్చి నాలుగు నెలలు. నెలనెలా కిరాయితో పాటు నీళ్లకని 200 ఇచ్చింది. అంటే ఆమె ఇయ్యవలసినది ఇచ్చేసింది. అది బిల్లుకు చేరలేదు. ఇంటామె మొఖం చిన్నబోయింది. "పైసలు ఆయన తీసుకుంటడు, కాగితం నేను దాచిపెడుత, చదివింది లేదు" అన్నది. ఆమె మీద మాకు కోపం రాలేదు. మేము కూడా అదే పని చేసినోళ్లమే కదా.

అక్కడితోనే అయిపోలేదు. ఇంటాయన ఒప్పుకునేదాకా మూడుసార్లు తిరిగినం. ఒకసారి ఆయన "ఇష్టం లేకుంటే రూము ఖాళీ చెయ్యమనండి" అన్నడు. ఆ మాటకు మా సభ్యురాలు వణికిపోయింది. పిల్లల బడి పక్కనే ఉన్న రూము అది. పదిహేను వందలు మిగిలించబోయి ఆమె నీడ పోగొడుతున్నమా అని మేము కూడా భయపడ్డం. ఆఖరికి ఇంటామెనే తన సంఘంల అప్పు తీసుకొని పాత బాకీ కట్టింది. ఆరు రూములోళ్లు ఆ నెల వంతు 180 చొప్పున ఇచ్చిండ్రు. అప్పు ఎవరి పేరు మీద ఉండాలెనో వాళ్ల పేరు మీదనే పడ్డది. ఇంటామె రెండు నెలలు మాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నది, బిల్లు రాంగనే గోడకు అంటిస్తున్నది.

ఇంకో సంగతి. పెద్దమ్మ సలహా మీద ఒక రాత్రి అన్ని నల్లాలు కట్టేసి మీటరు అంకె రాసుకున్నం. తెల్లారి చూస్తే అంకె కదిలింది. సంపుల బాల్ వాల్వ్ పాడై నీళ్లు పొర్లి మోరీలకు పోతున్నయి. అది మార్పించినంక మరుసటి నెల 60 కిలోలీటర్లు 52కు దిగినయి.

మోరీ గురించి కూడా చెప్పాలె. మీ ఇంటికి డ్రైనేజీ కనెక్షన్ లేకుండా సెప్టిక్ ట్యాంకే ఉంటే, బిల్లుల సెస్సు పడుతున్నదా చూడండి, పడితే అడగండి. డ్రైనేజీ ఉన్నోళ్లు బట్టలు, ప్యాడ్లు, ప్లాస్టిక్ అందులో వెయ్యొద్దు. ట్యాంకు నిండితే మిషను బండినే పిలవాలె. మనిషిని దింపి కడిగించుడు 2013 చట్టం కింద నేరం. నాలుగు పైసలు మిగులుతయని ఒకరి ప్రాణం మీదికి తేవద్దు.

సంగారెడ్డి పట్టణం, పల్లెల అక్కలు "మాకు వాటర్ బోర్డు బిల్లు రాదు కదా" అనవచ్చు. మీకు మున్సిపాలిటీ నల్లా బిల్లు, పంచాయతీ రసీదు ఉంటయి. మిషన్ భగీరథ 2016 ఆగస్టులో కోమటిబండ దగ్గర మొదలైనప్పుడు పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు అని లెక్క పెట్టుకున్నరు. మీ ఇంటికి అన్ని వస్తున్నయా అని కొలిచి చూసుకోవచ్చు. కొలవనిది అడగలేం.

నీళ్ల మీద ఇంత లెక్క ఎందుకంటే, మన దగ్గర నల్లా తప్ప వేరే దిక్కు లేదు. కంపెనీల వ్యర్థాలు నక్కవాగుల కలిసి, చెరువులు, బోర్లు చెడిపోయి, 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు పోయిన ప్రాంతం మనది. కలబ్‌గూర్ దగ్గరి మంజీరా బరాజు, సింగూరు రెండూ మన జిల్లాలనే ఉన్నయి. మంజీరా నీళ్లు 1965 నుంచి మన ముందటి నుంచే హైదరాబాదుకు పోతున్నయి. మా అమ్మలు పైపు చూసుకుంట బిందెలు మోసిండ్రు. ఇప్పుడు నల్లా ఇంట్లకు వచ్చింది. దాన్ని బాకీల పెట్టి పోగొట్టుకోవద్దు.

మా సంఘం మూడు తీర్మానాలు చేసుకున్నది. ఒకటి, బిల్లు చూడకుండా నల్లా బిల్లుకు అప్పు రాయం. రెండు, ప్రతి మీటింగు రోజు ప్రతి సభ్యురాలు తన మీటరు అంకె రాసుకొని రావాలె, పుస్తకంల ఎక్కించాలె. మూడు, కిరాయి రూముల సభ్యులు నీళ్ల పైసలు ఇచ్చినప్పుడు చీటీ రాయించుకోవాలె. బోర్డు పరిధిలో ఉన్నోళ్లు ఏదన్న తేడా వస్తే 155313కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలె. మిగతా సంఘాలు కూడా ఇవి తీసుకోవాలని సమాఖ్యను కోరుతున్నం.

అంతకుముందు ఇచ్చిన మూడు అప్పుల బిల్లులు ఇప్పుడు దొరకవు. ఆ ముగ్గురూ వడ్డీతో సహా కట్టేసిండ్రు. అందులో ఎంత తమది, ఎంత పరులదో ఇక తేలదు. అది మా తప్పే. అందుకే ఇప్పుడు మీటింగు మొదలు కాంగనే పెద్దమ్మ "కాగితాలు తెచ్చిండ్రా?" అని అడుగుతది. అడిగించుకోకుండానే అందరం ముందట పెడుతున్నం.