గోదావరి స్టేషను, పాత వంతెన



రజతోత్సవ వేదికపై నేను పురాణప్రసంగము చేయుదునని కొందరు తలచియుందురు. నేడు రైలును గూర్చి చెప్పదలచితిని. ధూమశకటమని నేననగానే వెనుక వరుసలోని బాలురు నవ్వుచున్నారు. కావున రైలనియే చెప్పెదను.

రాజమహేంద్రవరమున రెండు స్టేషనులు కలవు. పెద్దదానికి ఊరిపేరు, ఏటికి చేరువనున్న చిన్నదానికి గోదావరి పేరు. కొవ్వూరునకు పోవు బండి ఈ చిన్న స్టేషనును దాటి ఏటిమీది కెక్కును. 1893 మొదలు 1896 వరకు బెజవాడ, కటకముల నడుమ రైలుమార్గము వేయబడినది. కాని గోదావరియొద్ద పట్టాలు తెగియే యుండెను. ఈ గట్టున ఒక బండి, ఆ గట్టున ఒక బండి, నడుమ రేవు. మూటలతో, పసిబిడ్డలతో దిగి, ఏరు దాటి, ఆవలి బండిని చేరవలసియుండెను. శ్రావణభాద్రపదములలో ఎర్రనీరు వచ్చినపుడు ఆ దాటు టెట్టిదో ఏటియొడ్డువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

1897 నవంబరులో వంతెనపని మొదలయ్యెను. 1900 ఆగస్టులో వంతెన తెరువబడెను. మూడేండ్లయినను నిండలేదు! వాల్టను అను ఇంజనీరు కట్టించెను; చెన్నపురి గవర్నరు హేవ్‌లాకు పేరు పెట్టిరి. 56 ఖానాలు, ఒక్కొక్కటి 150 అడుగులు. లెక్కలవాడను గనుక గుణించి చూచితిని, 8400 అడుగులు. రేవు దాటుట ఆనాటితో తప్పినది.

1997లో దానిపై రైళ్లను నిలిపివేసిరి. 1974 నాటి రోడ్డు-రైలు వంతెనయు, తరువాతి కమానుల వంతెనయు ఆ భారమును మోయుచున్నవి. పాతదానిని విప్పి యమ్మినచో ఎంత సొమ్ము వచ్చునని లెక్కించువారు కలరు. ఇనుము తూకము నేనును వేయగలను. కాని నా చిన్నతనమున మా అమ్మ కొంగుముడి విప్పి, పదిపైసల బిళ్లను కిటికీనుండి ఏటిలోనికి విసరి చేతులు జోడించినది ఆ వంతెనమీదనే. బిళ్ల కమ్మికి తగిలి ఖణీలుమనెను. నీట పడెనో లేదో యని ఆమె కొవ్వూరు వరకు దిగులుపడెను. దీనిని ఏ పద్దున వ్రాయుదును?

కావున నాది ఒక్క మనవి. వంతెనకు ముందు రేవు దాటి రైలెక్కిన మీ పెద్దల ఉత్తరములుగాని, లెక్కల పుస్తకములుగాని అటకలపై నున్నచో చెదలపాలు చేయక మన గ్రంథాలయమున కిండు. తూర్పుగోడ బీరువాలో క్రింది అర ఖాళీగా నున్నది.