అపమృత్యువు - ఇరుగుపొరుగు సాక్ష్యము
(ప్రసంగ పాఠము)



మన గ్రామములలో ఎవరైనను నూతిలో పడియో, పాము కరచియో, విద్యుత్తు తగిలియో మరణించినప్పుడు పోలీసు అధికారి వచ్చి, ఇరుగుపొరుగు పెద్దమనుష్యులను పిలిచి, వారి యెదుట శవమును పరిశీలించి పంచనామా వ్రాయును. దీనినే శవపంచాయతీ అందురు. దుఃఖములో మునిగియున్న కుటుంబమునకు ఇది మరియొక బాధగా తోచుట సహజము. ఆ భయముచేత ఎవరికిని తెలుపకయే దహనము చేసివేయుటయు కలదు. ఇట్టి విచారణ యెట్లు పుట్టినదో, దానివలన ఎవరికి మేలు కలిగినదో ఇంగ్లండు చరిత్రనుండి కొంత చెప్పదలచినాము.

ఆ దేశమున 1194వ సంవత్సరములో, మొదటి రిచర్డు రాజు కాలమున, ప్రతి కౌంటీకిని, అనగా మన జిల్లావంటి భాగమునకు, ముగ్గురు నైట్లను, ఒక గుమాస్తాను ఎన్నుకొనవలెనని ఉత్తరువైనది. వీరే కరోనర్లు. లాటిను భాషలో కరోనా అనగా కిరీటము. రాజుగారి ఖజానాకు రావలసిన సొమ్ము చేజారకుండ చూచుటయే వారి తొలి కర్తవ్యము. ప్రజలపై దయ కాదు.

శవమును మొదట చూచినవారు కేకలువేసి ఊరివారిని పిలువవలెను. కరోనరు వచ్చువరకు దానిని కదల్చరాదు. ఆయన చూడకముందే పూడ్చిపెట్టినచో ఊరిమీద జుల్మానా పడెడిది. చుట్టుపట్ల గ్రామములవారు జ్యూరీగా కూడి, గాయములను కన్నులార చూచి, మరణమెట్లు సంభవించినదో ప్రమాణపూర్వకముగ చెప్పెడివారు. ప్రాణము తీసిన వస్తువు, అది బండి కాని, గుఱ్ఱము కాని, పడవ కాని, లేదా దాని వెల, రాజునకు చెందవలెను. దీనిని డియొడాండ్ అనిరి; దేవునికి ఈయవలసినదని అర్థము. మృతుని ఆత్మకొఱకు దానధర్మములు చేయవలెననునది అందలి మూలభావము. కాని పొరుగువాని బండికి వెలకట్టువారు ఆ జ్యూరీవారే కదా! తరచు తక్కువ వెలయే కట్టెడివారు. ఎందుకో పల్లెలలో నివసించు మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ నాటి చర్మపత్రములు వేలకొలది నేటికిని నిలిచియున్నవి. రాజుల చరిత్రలలో కానరాని జనమంతయు వానిలో కానవత్తురు: నీళ్లకు పోయి జారిపడిన స్త్రీలు, పొయ్యి ప్రక్కన కాలిన పసివారు, బండి క్రింద నలిగిన పాలేర్లు. 1569లో అప్టన్ వారెన్ అను గ్రామమున రెండున్నరేండ్ల పసిపిల్ల, బంతిజాతి పూలు కోయబోయి మరకొలనులో పడి మరణించినది. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ చరిత్రకారులు ఈ పత్రమును వెలికితీసిరి. ఏ పూవుకొఱకు చేయి చాచినదో సయితము వ్రాసియుంచిన ఆ గుమాస్తాకు నమస్కరింపవలెనని మాకు తోచినది.

రైళ్లు వచ్చిన పిమ్మట ఈ పాతచట్టమునకు కొత్తబలము కలిగినది. 1841 డిసెంబరు 24వ తేదీన, క్రిస్మసు ముందురోజున, లండనునుండి బ్రిస్టలు పోవు గ్రేట్ వెస్టర్న్ రైలు, సానింగ్ వద్ద వానకు విరిగిపడిన మట్టికట్టను ఢీకొన్నది. పండుగకు ఇండ్లకు పోవుచున్న తాపీపనివారు మూడవతరగతి బండ్లలో నుండిరి. అవి పైకప్పులేని, ప్రక్కలు పొట్టియైన బండ్లు. వానిని యింజనుకును సామాను బండ్లకును నడుమ తగిలించిరి. వెనుకనున్న సామాను బండ్ల బరువు వారిమీదికి వచ్చిపడినది. ఎనిమిదిమంది అచ్చటనే మరణించిరి. మరియొకరు పిదప మరణించిరి. జ్యూరీవారు ప్రమాదమరణమే యనిరి. అయినను యింజనుమీదను బండ్లమీదను 1000 పౌనుల డియొడాండ్ విధించిరి. పొరుగువాని బండికి తక్కువ వెలకట్టిన చేతులే కంపెనీ బండికి ఇంత కట్టినవి. 1844లో వచ్చిన చట్టము బీదవారి రైలుబండ్లకును వానగాలులనుండి రక్షణ ఉండవలెనని శాసించినది.

అయితే డియొడాండు సొమ్ములో చనిపోయినవాని భార్యకు కాని, బిడ్డలకు కాని హక్కు లేకుండెను. 1846 ఆగస్టులో పార్లమెంటు ఈ పద్ధతిని రద్దుచేసి, అదే నెలలో, పరుల తప్పువలన మరణించినవాని కుటుంబము నష్టపరిహారము కోరవచ్చునని వేరొక చట్టము చేసినది. ఖజానాకొఱకు పుట్టిన విచారణ, ఇట్లు ఆరున్నర శతాబ్దములకు విధవరాలి వాకిలి చేరినది! తొమ్మిదేండ్లకు, 1855లో, ఆ రెండవ చట్టమును పోలిన ఫేటల్ యాక్సిడెంట్స్ యాక్టు మన దేశమునకు వచ్చినది. భార్య, భర్త, తలిదండ్రులు, బిడ్డలు దానిక్రింద దావా వేయవచ్చును.

కరోనరు పదవి మన దేశమున మహానగరములకే పరిమితమైయుండెను. బొంబాయిలో 1999వరకు నిలిచినది. పల్లెలలో ఆ పని పోలీసు అధికారిదే. 2024 జులై 1వ తేదీనుండి ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను ప్రకారము జరుగుచున్నది. ఇరుగుపొరుగునుండు గౌరవనీయులు ఇద్దరికి తక్కువ కాకుండ ఉండవలెను. గాయములు, విరిగిన యెముకలు, కమిలిన మచ్చలు, అవి యెట్లు కలిగినట్లు కనబడుచున్నవో వ్రాయవలెను. విద్యుత్తు తీగ తెగిపడినచోట, కొలిమిలో, క్వారీలో పోయిన ప్రాణమునకు పరిహారము కోరునప్పుడు ఈ కాగితమును, పోస్టుమార్టము రిపోర్టును తరచు అడుగుదురు. శవమును ముందే దహనము చేసినచో ఆ కుటుంబమునకు చూపుటకేమియు మిగులదు.

పంచాయతీదారులుగా పిలువబడువారు మరియొక సంగతి ఎరిగియుండవలెను. ఆ రిపోర్టుపై అధికారితోబాటు సంతకము చేయవలసినవారు దానితో ఏకీభవించినవారు మాత్రమేయని చట్టమే చెప్పుచున్నది. కనుక వ్రాసినదానిని చదివించుకొని వినవలెను. తాము చూచిన మచ్చ అందులో లేనిచో వ్రాయుడని అడుగవలెను. వ్రాయనిచో సంతకము చేయనక్కరలేదు.